పడటం తెలిసినవాడి కెమెరా

పోయిన శ్రావణంలో మా అన్నావాళ్లతో కలిసి బీచుపల్లి వెళ్లాను. శనివారం. ఆంజనేయస్వామి గుడి దగ్గర కాలు పెట్టే సందు లేదు. మొక్కు చెల్లించి, టెంకాయ కొట్టి, కృష్ణ మెట్ల మీద కూర్చున్నాం. నది నిండుగా ఉంది. పైన వంతెన మీద కర్నూలు వైపు లారీలు పోతున్నాయి. మెట్లకు ఇవతల ఖాళీ జాగాలో మగపిల్లలు గీత గీసుకుని కబడ్డీ ఆడుతున్నారు. మా అన్న కూతురు వాళ్లనే చూస్తోంది. పదో తరగతి. కిందటేడు దాకా బడి జట్టులో ఆడింది. మోకాలి మీద ఇంకా మచ్చ ఉంది. దాన్ని చూసినప్పుడల్లా మా వదినె మొహం ముడుచుకుంటుంది.

"ఈయేడు ఆడుతలేవా?" అన్నాను.

"ఏడుగురు గావాలె గదత్తా. ఒగపిల్లకు పెండ్లయిపాయె. ఇంగొగపిల్ల సీడుపత్తి క్రాసింగుకు పోతుంది. ఐదుగురంతోని ఏమాడాలె?"

గద్వాల వైపు తెలియనివాళ్ల కోసం ఒక మాట. మా దగ్గర విత్తనపత్తి ఎక్కువ. మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు చేత్తో అద్దే పనినే క్రాసింగ్ అంటారు. ఆడపిల్లల వేళ్లు సన్నగా ఉంటాయని, చెట్టు ఎత్తుకు వాళ్లు సరిగ్గా సరిపోతారని చెప్పి ఈ పనికి వాళ్లనే పిలుస్తారు. కూలి తక్కువని మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ ముందు రాత్రే నేనూ ఆ పిల్లా కలిసి 'పూర్ణ' సినిమా చూశాం. చూసేటప్పుడు ఆ పిల్ల ఏమీ అనలేదు. కానీ ఏడుగురు కావాలన్న ఆ మాట విన్నాక, సినిమాలో నాకు ఎక్కడో గుచ్చుకున్నదేమిటో తెలిసింది. ఈ వ్యాసం దాని గురించే.

'పూర్ణ' 2017లో వచ్చింది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వెళ్లి 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ కథ. అప్పటికి ఆ పిల్లకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. నేపాల్ వైపు నుంచి పదహారేళ్లలోపు పిల్లలను ఎక్కనివ్వరు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కింది. ఆమెను పంపించింది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ గురుకులాల సొసైటీ. దానికి అప్పటి కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఐపిఎస్. ఆయనది అలంపురం. అంటే మా నడిగడ్డ మనిషే. కాబట్టి ఈ సినిమా మాకు రెండు విధాల దగ్గరిది. తీసిన మనిషి రాహుల్ బోస్ మాత్రం మాకు బాగా దూరం. బెంగళూరులో పుట్టి, బొంబాయిలో కాలేజీ చదువు చదివినవాడు.

బోస్ అనగానే నాకు అపర్ణా సేన్ సినిమాలు గుర్తొస్తాయి. 'మిస్టర్ అండ్ మిసెస్ అయ్యర్' (2002), '15 పార్క్ అవెన్యూ' (2005), 'ది జపనీస్ వైఫ్' (2010). గొంతు పెంచని మగవాడు, ఆడమనిషి మాట్లాడుతుంటే వినే మగవాడు. మా తరం ఆడవాళ్లలో చాలామందికి అతనంటే ఇష్టం ఉండేది. నాకూ ఉండేది. ఆ మనిషే భారత రగ్బీ జట్టులో ఆడాడని నాకు ఆలస్యంగా తెలిసింది. 1998లో భారత జట్టు మొదటిసారి ఆసియా పోటీల్లోకి దిగినప్పుడు అతను అందులో ఉన్నాడు. తెర మీద సున్నితమైన పాత్రలు వేస్తూనే ఏళ్ల తరబడి మైదానంలో మనుషులను గుద్దుకుంటూ, వాళ్ల కింద పడుతూ లేస్తూ బతికాడు. తర్వాత భారత రగ్బీ సమాఖ్యకు అధ్యక్షుడయ్యాడు.

రగ్బీ మనకు పరిచయం లేని ఆట. జట్టుకు పదిహేనుమంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతి. దాన్ని చేత పట్టుకుని ముందుకు పరుగెత్తాలి. పక్కవాళ్లకు అందించాలంటే మాత్రం వెనక్కే విసరాలి, ముందుకు విసరకూడదు. అంటే ఎంత వేగంగా పరుగెత్తేవాళ్లయినా తమ వెనకాల ఎవరు వస్తున్నారో చూసుకోక తప్పదు. బంతి ఉన్న మనిషిని అవతలివాళ్లు పట్టుకుని కింద పడేయవచ్చు. మన కబడ్డీ కూతగాణ్ణి పట్టినట్టే. అందుకే ఈ ఆటలో మొదట నేర్పేవాటిలో ఒకటి పడటం. తల ఎటు పెట్టాలి, భుజం ఎటు తిప్పాలి, పడ్డాక బంతిని మనవాళ్ల వైపు ఎలా పెట్టాలి. ఆ తర్వాత వెనక వచ్చేవాళ్లు పడ్డ మనిషికి అడ్డంగా నిలబడతారు.

మన దేశంలో ఇది తెల్లదొరల క్లబ్బుల ఆట. కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు 1878లో మూతపడ్డప్పుడు బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలను కరిగించి ఒక కప్పు చేయించారు. పిడులకు నాగుపాములు, మూత మీద ఏనుగు. ఇంగ్లండు, స్కాట్లండు మగజట్లు ఇప్పటికీ ఆ కలకత్తా కప్పు కోసమే ఆడతాయి. అది మన రూపాయల వెండి అని ఆ స్టేడియంలో ఎంతమందికి గుర్తుంటుందో!

సరే, సినిమాకు వస్తాను. పడటం తెలిసినవాడు ఆడపిల్ల కథ తీస్తున్నాడంటే నాకు ఒక ఆశ కలిగింది. ఆ ఆశలో కొంత తీరింది కూడా. బోస్ కెమెరా పూర్ణ శరీరాన్ని ఎక్కడా అందం కోసం చూడదు. నడుస్తున్న కాళ్లు, బండను పట్టుకున్న వేళ్లు, ఊపిరి. భువనగిరి కోట బండ ఎక్కటం, డార్జిలింగ్‌లో శిక్షణ, మంచు. విజయం వచ్చినప్పుడు పాటలూ జెండాలూ మోతమోగవు. అలసట అంటే ఏమిటో ఒంటితో ఎరిగినవాడే అలా తీయగలడు. పూర్ణగా వేసిన అదితి ఇనాందార్ కూడా నటించినట్టుండదు. ఆ పిల్ల మౌనాన్ని మాటలతో నింపకపోవటం దర్శకుడు చేసిన మంచి పని.

నాకున్న పేచీలు వేరే. ఒకటి, పాకాల పిల్లలు హిందీలో మాట్లాడతారు. హిందీ సినిమా కదా అంటే నిజమే. కానీ ఒక గిరిజన బాలిక కథను దేశానికి చెప్పాలంటే ముందు ఆ పిల్ల నాలుక మార్చాల్సి రావటం నాకు మింగుడుపడలేదు. మా పిల్ల కూడా మొదట అడిగింది అదే: "వీళ్లు మన తెలంగాణోళ్లేనా అత్తా?"

రెండోది, ప్రవీణ్ కుమార్ పాత్రను బోస్ తానే వేసుకున్నాడు. బాగానే వేశాడు, అరుపులు లేకుండా. కానీ దర్శకుడూ అతనే, పిల్లకు దారి చూపే అధికారీ అతనే అయ్యాక, సినిమా చాలాసార్లు ఆ పిల్లను చూస్తున్న అతని కళ్లలోంచి నడుస్తుంది. పంపాలా వద్దా, పిల్లకు ఏమైనా అయితే ఎవరిది బాధ్యత అన్న సంఘర్షణ అంతా ఆయనకు దక్కింది. కొండ ఎక్కాలని ఆ పిల్లకు ఎందుకు అనిపించింది? ఎప్పుడు అనిపించింది? అది మనకు సరిగా తెలియదు. దొరికిన అవకాశాన్ని పిల్ల అందుకున్నట్టుంటుంది తప్ప, తాను కోరుకున్నట్టుండదు.

మూడోది పెద్దది. సినిమాకు ప్రాణం పూర్ణ, ప్రియ అనే ఇద్దరు అక్కచెల్లెళ్ల స్నేహం. పూర్ణ కన్నా ప్రియ గడుసుది, కలలు కనేది. గురుకులానికి పోదామని ఆశపడ్డది ఇద్దరూ. ప్రియకు పెళ్లి చేసేస్తారు. పూర్ణ ఒక్కతే బడికి వెళ్తుంది. ప్రియ చిన్నవయసులోనే చనిపోతుంది. ఆ దుఃఖంతో కుంగిపోయిన పూర్ణ మళ్లీ లేచి ఆమె కోసం కొండ ఎక్కుతుంది. చూస్తున్నంతసేపూ నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆ తర్వాతే కోపం వచ్చింది. ఒకామె శిఖరం చేరాలంటే కథలో ఇంకొకామె చచ్చిపోవాలా? ప్రియ పెళ్లి పూర్ణకు బాధే కానీ అడ్డు కాదు. ఇంకా చెప్పాలంటే కథ ముందుకు కదలటానికి అదే పనికొచ్చింది. పర్వతారోహణ కథను ఒంటరి కథగా చెప్పుకునే వీలుంది. (నిజానికి ఎవరూ ఒంటరిగా ఎక్కరు. షెర్పాలున్నారు. ఖమ్మం జిల్లా నుంచి వెళ్లిన ఆనంద్ కుమార్ అదే రోజు పూర్ణతోపాటే ఎక్కాడు.) కానీ కబడ్డీకి ఆ వీలు లేదు. మా పిల్ల జట్టులో ఒక ప్రియకు పెళ్లయిపోతే, మిగిలిన ఆరుగురి ఆటా ఆగిపోతుంది.

జట్టు అంటే ఏమిటో బోస్‌కు తెలియనిది కాదు. బంతిని వెనక్కి విసిరే ఆట ఆడినవాడు. అయినా ఆడపిల్ల కథ చెప్పాల్సి వచ్చేసరికి వెనక ఎవరూ లేని ఒంటరి శిఖరమే తీశాడు.

ఇది అతని ఒక్కడి తప్పని నేననను. మన తెలుగు సినిమాలు చూడండి. 'ఒక్కడు' (2003)లో హీరో కబడ్డీ ఆటగాడు. చుట్టూ స్నేహితుల గుంపు. కర్నూలులో కష్టంలో ఉన్న హీరోయిన్‌ను హైదరాబాదు తీసుకొస్తాడు. కర్నూలు నుంచి హైదరాబాదు దారి అంటే మాకు మా బీచుపల్లి వంతెనే. ఆ సినిమా వచ్చిన కొత్తలో మా ఊరి మగపిల్లలంతా కూత పెడుతూ తిరిగారు. మరుసటేడు రాజమౌళి 'సై' వచ్చింది. తెలుగువాళ్లలో ఎక్కువమందికి రగ్బీ అనే ఆట ఉందని తెలిసిందే దానివల్ల. కాలేజీ స్థలాన్ని కబ్జా చేయాలనుకునే గూండా మీదికి, అప్పటిదాకా కొట్టుకు చచ్చిన రెండు విద్యార్థి గుంపులు ఒకటై రగ్బీ ఆడతాయి. బురద, రక్తం, భుజం భుజం కలిపి తోయటం. ఆ ఆట ఊపు రాజమౌళికి ఎంత బాగా పట్టుబడిందో ఒప్పుకోవాలి. ఇప్పుడు చూసినా ఆ చివరి ఆటకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ ఆ కాలేజీలో చదివే అమ్మాయికి, జెనీలియా వేసిన ఇందుకు, బంతి పని లేదు. కాలేజీ స్థలం ఆమెది కూడా కదా! తన నేల కోసం జరిగే ఆటలో ఆమె పని అరవటం, భయపడటం, ప్రేమించటం.

మన సినిమాల్లో మగపిల్లలకు జట్టుంటుంది, ఆడపిల్లకు ఉంటే గింటే ఒంటరి విజయం. 'చక్ దే ఇండియా' (2007)లో ఆడపిల్లల జట్టు ఉంది, నిజమే. అదీ కోచ్ పరువు కథలో భాగంగానే.

ఆడవాళ్ల రగ్బీ చరిత్ర మొదలయ్యేది కూడా ఈ లెక్క దగ్గరే. 1880లలో ఐర్లండులో ఎనిస్కిలెన్ అనే ఊళ్లో, ఆస్కార్ వైల్డ్, సామ్యూల్ బెకెట్ చదివిన పోర్టోరా బడిలో, ఒకరోజు మగపిల్లల ఆటకు ఒకరు తక్కువయ్యారు. అన్నదమ్ముల ఆట చూడటానికి వచ్చిన పదేళ్ల ఎమిలీ వాలెంటైన్ కోటు తీసేసి దిగింది. బంతి పట్టుకుని పరుగెత్తి గీత దాటి నేలకు తాకించింది. పెద్దయ్యాక ఆ రోజును తన జ్ఞాపకాల్లో రాసుకుంది. రాసుకుంది కాబట్టి మనకు తెలిసింది. ఒకరు తక్కువైనప్పుడు దొరికిన చోటు అది.

బీచుపల్లి గుడికి కూడా ఇలాంటి కథే ఒకటి ఉంది. మా అమ్మమ్మ చెప్పేది. స్వామిని ప్రతిష్ఠించిన వ్యాసరాయలు, పొద్దున్నే మొదట ఎవరొస్తే వాళ్లే పూజారి అన్నాడట. బీచుపల్లి అనే బోయ పిల్లవాడు వచ్చాడట. ఊరికి ఆ పేరే నిలిచిందట. కులం తలుపు అలా తెరుచుకున్నందుకు నాకు ఆ కథ ఇష్టం. చిన్నప్పుడు మాత్రం అమ్మమ్మను ఒకటి అడిగాను: ఆ పొద్దున మొదట వచ్చింది ఆడపిల్లయితే? అమ్మమ్మ నవ్వి ఊరుకుంది.

మన దేశపు ఆడవాళ్ల రగ్బీ జట్టు గురించి చదవటం మొదలుపెట్టింది 'పూర్ణ' మొదటిసారి చూశాకే. పదిహేనుమంది ఆడే రగ్బీలో ఆ జట్టు 2018లో మొదటిసారి అంతర్జాతీయ పోటీకి దిగింది. మరుసటేడు, 2019 జూన్‌లో మనీలాలో సింగపూర్‌ను 21-19తో ఓడించి మొదటి గెలుపు సాధించింది. కెప్టెన్ పుణెకు చెందిన వాహ్బిజ్ భరూచా. ఆట ఇక ముగుస్తుందనగా పెనాల్టీ దొరికింది. ఒడిశా జాజ్‌పూర్ జిల్లాకు చెందిన సుమిత్రా నాయక్ బంతిని నేల మీద నిలబెట్టి తన్నింది. మూడు పాయింట్లు.

సుమిత్ర గురించి పత్రికల్లో వచ్చిన కథనాలు వెతికి చదివాను. తండ్రి హింస తట్టుకోలేక తల్లి పిల్లలతో బయటపడటం, భువనేశ్వర్ చేరి బ్యూటీ పార్లర్‌లో పనిచేసి పెంచటం, కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అనే పెద్ద ఆశ్రమ పాఠశాలలో చేర్చటం, అక్కడ రగ్బీ. చెప్పదగ్గ కథే. ఆ తల్లి తెగువ నాకు సుమిత్ర తన్నిన బంతి కన్నా తక్కువది కాదు. కానీ కథనాలన్నీ తండ్రి దగ్గర మొదలై పతకం దగ్గర ముగుస్తాయి. మధ్యలో ఆట లేదు. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నప్పుడు ఆ బంతి ముందు నిలబడ్డ అమ్మాయికి కాళ్లలో ఏముంది? ఆ పెనాల్టీ తెచ్చిపెట్టటానికి అంతసేపూ తోసుకుని, పడి, లేచిన మిగతా పద్నాలుగుమంది ఎవరు? బిహార్ నుంచి వచ్చిన స్వీటీ కుమారి పరుగును చూసి ఆడవాళ్ల రగ్బీ గురించే రాసే స్క్రమ్‌క్వీన్స్ వాళ్లు 2019కి ప్రపంచపు మేటి యువ క్రీడాకారిణి అన్నారు. ఆమె గురించీ రాసేది పేదరికమే.

అదే బడి మగపిల్లలు 2007లో లండన్‌లో గెలిచిన కథను 'జంగిల్ క్రై' అని సినిమా తీశారు. పన్నెండుమంది అబ్బాయిల కథ. మళ్లీ జట్టు. ఆ బడిని పిల్లలను అడవికీ భాషకూ దూరం చేసే కార్ఖానా చదువు అని విమర్శించిన ఆదివాసీ హక్కులవాళ్లున్నారు. ఆ మాట విన్నాక, ఉద్ధరణ కథలు అసలు ఎవరి కీర్తి కోసం అన్న అనుమానం నాకు ఇంకా పెరిగింది.

ఇక్కడ మనమూ తప్పించుకోలేం. ఇలాంటి పత్రికల్లో ముప్పై ఏళ్లుగా మనం స్త్రీ శరీరం గురించి రాస్తున్నాం. దెబ్బలు తిన్న శరీరం, పురిటి శరీరం, చాకిరీ శరీరం, అనుమానించబడ్డ శరీరం. రాయాల్సిందే. కానీ ఎదురొచ్చిన మనిషిని భుజంతో గుద్ది పడేసి, లేచి, మట్టి దులుపుకుని నవ్వే శరీరం గురించి నేను ఒక్క పేజీ రాయలేదు. నాకు తెలియదు కాబట్టి రాయలేదు. ఎనిమిదో తరగతిలో ఆట మానేశాను. ఎవరూ బలవంతంగా మాన్పించలేదు, నేనే సిగ్గుపడి మానేశాను. సిగ్గుపడటం నాకు ఎవరు నేర్పారన్నది మాత్రం తర్వాత చాలా రాశాను.

రగ్బీలో ఆడవాళ్లకు వేరే సూత్రాలు లేవు. అదే మైదానం, అవే ఎనభై నిమిషాలు, అలాగే పట్టుకుని పడేయటం. 1991లో మొదటి ప్రపంచకప్పును వేల్స్‌లో నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఏర్పాటు చేసుకున్నారు. ప్రపంచ రగ్బీ సంస్థ గుర్తింపు ఇవ్వలేదు. డబ్బులేక వోడ్కా, చేప గుడ్లు అమ్ముకుందామని మోసుకొచ్చింది సోవియట్ జట్టు. 2025 సెప్టెంబరు 27న లండన్ ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండు, కెనడా ఫైనల్‌కు 81,885 మంది వచ్చారు. అదే ఏడు జూన్‌లో మన దేశంలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైంది. ఆరు జట్లు. అందులో 'హైదరాబాద్ హీరోస్' ఒకటి. ఆరు జట్లూ మగవాళ్లవే. 'పూర్ణ' తీసిన మనిషి చేతిలో సమాఖ్య ఉన్న కాలంలోనే. సినిమా గురించి అడిగిన ప్రశ్నే ఇక్కడా అడగాల్సి వస్తోంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 23.5 శాతానికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దాన్ని ఒక్కొక్క పిల్ల బతుకుగా లెక్కపెట్టటం మనకు అలవాటు. కబడ్డీ జట్టుగా లెక్కపెడితే, ఏడుగురిలో ఒకరూ ఇద్దరూ పోయినట్టు. అంటే ఏ ఊళ్లోనూ జట్టు పూర్తికాదు.

ఆ రోజు మెట్ల మీద ఫోనులో మా పిల్లకు మనీలా ఆట ముక్కలు చూపించాను. ఎండకు తెర సరిగ్గా కనబడటం లేదు. కొంగు అడ్డం పెట్టాను. ఒక అమ్మాయిని ముగ్గురు పట్టి కింద పడేసినప్పుడు "అబ్బా" అంది. ఆ అమ్మాయి లేచాక ఇంకోసారి చూపించమంది.

"ఎంతమంది గావాలె దీనికి?"

"పదిహేను. ఏడుగురితో ఆడేది కూడా ఉంది."

"కబడ్డీ లెక్కనేనా?"

"అవును."

వేళ్ల మీద లెక్కపెట్టింది. "క్రాసింగు దసరాకు అయిపోతది. అప్పుడు ఆరుగురమైతం." కాసేపాగి, "దాని అత్తగారి ఊరు గూడ ఎర్రవల్లి పక్కన్నే అత్తా" అంది.

పైనుంచి మా వదినె పిలుస్తోంది, బస్సు వేళయిందని.